ఎయిర్ రైఫిల్ చెక్కలో కుదురుగా కూర్చోవాలంటే: ఇంట్లో బెడ్డింగ్

వానలు మొదలయ్యాయంటే వరంగల్, హనుమకొండలో ఎయిర్ రైఫిల్ వాడేవాళ్ల దగ్గర ఒకటే ఫిర్యాదు. ఎండాకాలమంతా చక్కగా పడ్డ గన్ ఇప్పుడు పక్కకు కొడుతోందని. గురి చూసే స్కోప్ సర్దుతారు. రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ జరుగుతుంది. పక్కనున్నవాళ్లు ఇచ్చే సలహా కూడా ఒకటే: "స్క్రూలు ఇంకింత గట్టిగ బిగియ్యన్నా, సెట్టయితది." ఆ సలహా విన్న రైఫిళ్లలో చాలావాటికి సమస్య తగ్గకపోగా ముదురుతుంది. ఎందుకో తెలియాలంటే ఇనుముకూ చెక్కకూ మధ్య ఏం జరుగుతోందో చూడాలి.

రైఫిల్‌లో బ్యారెల్, సిలిండర్, ట్రిగ్గర్ కలిసిన ఇనుప భాగం ఒకటి, దాన్ని మోసే చెక్క ఒకటి. ఇనుప భాగాన్ని యాక్షన్ అంటారు, చెక్కను స్టాక్ అంటారు. రెండింటినీ కలిపేది రెండు మూడు స్క్రూలే. స్టాక్‌లో యాక్షన్ కోసం తొలిచిన గాడి ఎంత బాగా చెక్కినా ఇనుము ఆకారానికి అచ్చుగుద్దినట్టు సరిపోదు. నాలుగైదు చోట్ల తగులుతుంది, మిగతా చోట్ల ఖాళీ. బెడ్డింగ్ అంటే ముఖ్యమైన చోట్ల కొంత చెక్క తీసేసి, ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపి, యాక్షన్‌ను అందులో కూర్చోబెట్టి దాని అచ్చు దింపడం. ఎపాక్సీ గట్టిపడ్డాక యాక్షన్‌ను బయటికి తీస్తాం, మళ్లీ పెడతాం. ఎన్నిసార్లు తీసి పెట్టినా అదే చోట కూర్చోవాలి, స్క్రూ బిగించినప్పుడు ఇనుము ఎటూ వంగకూడదు. బెడ్డింగ్‌తో మనకు కావాల్సింది ఈ రెండే.

పనిలోకి దిగే ముందు చట్టం సంగతి. ఆయుధాల చట్టం 1959లోని 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారీకీ అమ్మకానికే కాదు, రిపేరుకు కూడా లైసెన్సు కావాలి. మీ దగ్గర లైసెన్సుతో .315 స్పోర్టింగ్ రైఫిలో, .22 రైఫిలో ఉంటే, దాన్ని వాడుకునే లైసెన్సు వేరు, రిపేరు చేసే లైసెన్సు వేరు. ఆ పని లైసెన్సున్న ఆర్మరీ వాళ్లకే అప్పగించండి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 20 జూళ్ల శక్తి, 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు) దాటని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. .22 ఎయిర్ రైఫిల్ బోరు ఆ హద్దు దాటుతుందని మరిచిపోవద్దు. ఇక్కడ నేను ఇంట్లో చేసుకోమని చెప్పేదంతా .177, అంటే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ గురించే. అది కూడా కాగితం మీది గురికే. ఏటూరునాగారం, కవ్వాల్ అడవుల అంచు ఊళ్లలో ఎయిర్ గన్‌తో పిట్టలను కొట్టడం ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద అది నేరం, చేయకూడని పని కూడా.

చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. స్కోప్ యాక్షన్ మీదే బిగించి ఉంది, బ్యారెల్ కూడా యాక్షన్‌కే ఉంది. చెక్కలో యాక్షన్ కాస్త అటూ ఇటూ జరిగినా స్కోప్, బ్యారెల్ కలిసే జరుగుతాయి కదా, గురి ఎందుకు మారాలి? సందేహం న్యాయమైనదే. యాక్షన్ మొత్తం గట్టి ముక్కలా జరిగితే గురికి పెద్దగా నష్టం లేదు. నష్టం రెండు దారుల్లో వస్తుంది. మొదటిది వంపు. కింద మిట్టపల్లాలున్న చెక్క మీద యాక్షన్‌ను పెట్టి స్క్రూ బిగిస్తే ఇనుప గొట్టం కూడా వంగుతుంది. కంటికి కనిపించదు. కానీ స్కోప్ చూపుకూ బ్యారెల్ చూపుకూ మధ్య ఒక్క నిమిషం కోణం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు తేడా వచ్చినా 10 మీటర్ల దూరంలో 2.9 మిల్లీమీటర్లు జరుగుతుంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటరు. ఇక ఆ వంపు ఎప్పుడూ ఒకేలా ఉండదు. స్క్రూ బిగింపుతో, వేడితో, తేమతో మారుతూ పోతుంది.

రెండో దారి అదురు. స్ప్రింగ్ గన్‌లో, అంటే స్ప్రింగ్ బలంతో పిస్టన్ గాలిని నెట్టేవాటిలో ఇది మరీ ఎక్కువ. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూసుకెళ్తుంది, రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివరికి చేరి గాలి దిండును గుద్దుకోగానే రైఫిల్ ముందుకు గుంజుతుంది. పెల్లెట్ (ఎయిర్ గన్ గుండు) బ్యారెల్ వదలకముందే రైఫిల్ కదలడం మొదలైపోతుంది. ఆ కదలిక ప్రతిసారీ ఒకేలా ఉంటే పెల్లెట్లన్నీ ఒకేచోట పడతాయి. యాక్షన్ ఒకసారి చెక్క ఎడమ గోడకు ఆని, ఇంకోసారి కుడి గోడకు ఆని మొదలుపెడితే కదలిక మారిపోతుంది. టార్గెట్ మీద ఒక గుంపుకు బదులు రెండు గుంపులు పడుతున్నాయంటే ముందు ఇక్కడే అనుమానపడాలి. పీసీపీ రైఫిళ్లలో, అంటే ముందే గాలి నింపి పెట్టుకునేవాటిలో ఈ తన్ను దాదాపు ఉండదు. అందుకే వాటికి బెడ్డింగ్ అవసరం బాగా తక్కువ.

మందుగుండు రైఫిళ్లలో అయితే తన్ను ఒకే దిక్కుకు, వెనక్కి. చాలా బోల్ట్ రైఫిళ్లకు రీకాయిల్ లగ్ అనే ఇనుప దిమ్మ కింద వేలాడుతూ ఉంటుంది. దాని వెనక ముఖం చెక్కను నెడుతుంది. అక్కడ బెడ్డింగ్ చేసేవాళ్లు ఆ వెనక ముఖం నిండుగా ఆనేలా చూసి, లగ్ ముందు, పక్కల, అడుగున టేపు వేసి కాస్త ఖాళీ వదులుతారు. బ్యారెల్ చెక్కకు తగలకుండా తేలేలా చేస్తారు. ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్‌కు మూలం లీ-ఎన్‌ఫీల్డ్ యాక్షన్. దాని చెక్క రెండు ముక్కలుగా ఉంటుంది. ముందు చెక్క వెనక చివర ఇనుముకు ఆనే చోటు అరిగినా, ఎండి కుంచించుకుపోయినా గురి చెదురుతుంది, చెక్క పగులుతుంది కూడా. అలాంటిది కనిపిస్తే మీరు ముట్టకుండా ఆర్మరీకి తీసుకెళ్లడమే సరి.

చెక్క విషయానికి వద్దాం. మన ప్రాంతంలో అసలు కథంతా ఇక్కడే ఉంది.

వానాకాలంలో తలుపు చౌకట్లో బిగుసుకుపోవడం, ఎండాకాలంలో అదే తలుపు వదులై గాలికి కొట్టుకోవడం మనకు కొత్త కాదు. రైఫిల్ స్టాక్‌లోనూ అదే జరుగుతుంది. చెక్క పొడవునా దాదాపు మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. టేకు ఈ విషయంలో మంచి చెక్క. పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి చెట్టు వలయాల వెంట సుమారు 5.8 శాతం, కేంద్రం వైపు సుమారు 2.5 శాతం తగ్గుతుంది. వాల్‌నట్ అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. మరి ఎండిన టేకులో తేమ 8 శాతం నుంచి 14 శాతానికి పెరిగిందనుకోండి. 40 మిల్లీమీటర్ల వెడల్పున్న చెక్క దాదాపు అర మిల్లీమీటరు ఉబ్బుతుంది. మే నెలలో రామగుండం ఎండ, ఆగస్టులో ఎడతెగని ముసురు చూసిన రైఫిల్‌కు ఈ తేడా ప్రతి ఏటా తప్పదు.

ఇప్పుడు ఆ స్క్రూ సలహా గుర్తుచేసుకోండి. స్క్రూ తలకూ యాక్షన్‌కూ మధ్య ఉన్నది చెక్కే. వానాకాలంలో చెక్క ఉబ్బాలని చూస్తుంది, స్క్రూ వదలదు. పోవడానికి చోటు లేక చెక్కలోని పోగులు నలిగిపోతాయి. ఎండాకాలం రాగానే చెక్క కుంచించుకుంటుంది, నలిగిన పోగులు మాత్రం లేవవు. స్క్రూ వదులవుతుంది. మనం మళ్లీ బిగిస్తాం, ఈసారి ఇంకా గట్టిగా. మళ్లీ వాన వస్తుంది, ఇంకొంత నలుగుతుంది. కొన్నేళ్లు వాడిన స్టాక్‌ను విప్పి స్క్రూ రంధ్రం చుట్టూ వెలుతురులో చూడండి. స్క్రూ తల కూర్చున్న చోట చెక్క చుట్టూ ఉన్న మట్టం కంటే లోపలికి దిగి, నల్లగా, నూనె పట్టి మెరుస్తుంది. గోరుతో నొక్కితే దిగుతుంది. ఇంత నలిగిన చెక్కకు ఇంకా బిగింపు అంటే ఇంకా నలపడమే.

దీనికి మందు పిల్లర్. స్క్రూ రంధ్రంలో అల్యూమినియం గొట్టం ముక్కను దించి, అది పైన యాక్షన్‌కూ కింద స్క్రూ తలకూ నేరుగా తగిలేలా చేస్తారు. అప్పుడు స్క్రూ నొక్కేది ఇనుమును, అల్యూమినియాన్ని. మధ్యలో చెక్క ఉబ్బినా తగ్గినా బిగింపు దాదాపు మారదు. వరంగల్‌లో ఏ లేత్ షాపులోనైనా ఈ ముక్క కోసి ఇస్తారు. పొడవు మాత్రం వాళ్ల అంచనాకు వదలొద్దు. మంచి వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి కాగితం మీద రాసివ్వండి. చెక్క మట్టం కంటే వెంట్రుకవాసి పొడవున్నా ఫర్వాలేదు, పొట్టిగా ఉంటే మాత్రం పిల్లర్ పెట్టి లాభం లేదు. నా మటుకు నాకు, ఒకటే పని చేసే ఓపిక ఉందంటే ఎపాక్సీ కంటే ముందు పిల్లరే వేయమంటాను.

అంతకంటే ముందు మీ రైఫిల్‌కు నిజంగా బెడ్డింగ్ కావాలా అని తేల్చుకోండి. రకం మార్చి పెల్లెట్లు కొట్టి చూడండి, చాలా గన్‌ల రోగం అక్కడే తీరిపోతుంది. స్కోప్ మౌంటు స్క్రూలు చూడండి, స్ప్రింగ్ గన్ అదురుకు అవి ముందుకో వెనక్కో పాకుతాయి. బ్యారెల్ మడిచి లోడ్ చేసే రకమైతే మడత దగ్గర పక్కకు ఊగుతోందేమో చేత్తో పట్టి చూడండి. మూడు షాట్లు చూసి తీర్పు చెప్పొద్దు, కనీసం పది కొట్టండి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా గుంపు చెదురుతుంటేనే చెక్క మీద అనుమానం పెట్టుకోవాలి.

అనుమానాన్ని నిర్ధారించే పరీక్ష చిన్నది. స్ప్రింగ్ ఎక్కించి లేదని, లోపల పెల్లెట్ లేదని రూఢి చేసుకున్నాక రైఫిల్‌ను మెత్తటి గుడ్డ మీద నిలకడగా పెట్టండి. చూపుడువేలు కొనను చెక్క ముందు అంచుకూ ఇనుముకూ మధ్య సందు మీద, సగం చెక్క మీద, సగం ఇనుము మీద ఆనించండి. ఇంకో చేత్తో ఒక స్క్రూను నెమ్మదిగా వదులు చేయండి, మళ్లీ బిగించండి. వేలికి ఏమీ తెలియకపోతే యాక్షన్ కుదురుగానే కూర్చుంది. బిగించినప్పుడల్లా ఇనుము లేచినట్టో, కుంగినట్టో వేలికి తెలిస్తే అది వంగుతోందని అర్థం. వేలి కొన చాలా సన్నని కదలికను పట్టుకుంటుంది. డయల్ గేజ్ ఉంటే అంకె కూడా తెలుస్తుంది, లేకపోయినా లోటు లేదు. తర్వాతి స్క్రూకు కూడా ఇలాగే. దోషం ఏ స్క్రూ దగ్గరో తెలిస్తే సగం పని అయినట్టే.

ఇక పని. ముందుగా ఒక హెచ్చరిక: స్ప్రింగ్ ఎక్కించి ఉండగా యాక్షన్‌ను చెక్క నుంచి ఎప్పుడూ తీయొద్దు. బెడ్డింగ్ కోసం సిలిండర్ విప్పాల్సిన పని లేనే లేదు. లోపలి స్ప్రింగ్ ఒత్తిడి మీదే ఉంటుంది, సరైన బిగింపు పరికరం లేకుండా విప్పితే మొహం మీదికి వస్తుంది.

ఎపాక్సీలో నెమ్మదిగా గట్టిపడే రకమే తీసుకోండి. హార్డ్‌వేర్ షాపులో రెండు ట్యూబులుగా దొరికే మామూలు అరాల్‌డైట్ సరిపోతుంది. లోహపు పొడి కలిసిన ఎపాక్సీ దొరికితే ఇంకా మంచిది, అది ఒత్తిడికి బాగా ఆగుతుంది. ఐదు నిమిషాల రకం వద్దు, మీరు యాక్షన్ సర్దేలోపే బిగుసుకుంటుంది. పైపుల లీకేజీకి వాడే ముద్ద రకం సన్నని సందుల్లోకి పారదు, అచ్చు నిండుగా రాదు.

పని చేసే రోజు ఎండను చూసి ఎంచుకోవాలి. సుమారుగా పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఎపాక్సీ రెట్టింపు వేగంతో గట్టిపడుతుంది. మే మధ్యాహ్నం వరంగల్‌లో రేకుల షెడ్డు కింద కలిపితే డబ్బా మీద రాసిన టైము సగం కూడా మిగలదు. పుష్యమాసపు చలిలో ఆదిలాబాద్ వైపు ఉదయం పది డిగ్రీల కిందికి పడిపోతుంది, అప్పుడు రోజంతా ఆగినా మెత్తగానే ఉండొచ్చు. ముసురులో చెక్క తేమతో నిండి ఉంటుంది. అందుకే వానలు వెనకపట్టి, చెక్క రెండు మూడు వారాలు ఇంట్లో ఆరాక, కార్తీకంలో చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. చెక్క అప్పుడు మరీ తడిగానూ మరీ ఎండిగానూ ఉండదు.

స్క్రూ రంధ్రాల చుట్టూ, సిలిండర్ వెనక భాగం ఆనే చోట, ఉలితో రెండు మూడు మిల్లీమీటర్ల లోతు చెక్క తీయండి. పలచటి పొరగా పూసిన ఎపాక్సీ పగిలి ఊడుతుంది, మందం ఉంటేనే నిలుస్తుంది. కానీ గాడి మొత్తం తవ్వేయొద్దు. అక్కడక్కడా పాత చెక్కను అలాగే ఉంచితే యాక్షన్ పాత ఎత్తులోనే కూర్చుంటుంది. తవ్విన చోటు గరుకుగానే ఉండనివ్వండి, ఉప్పు కాగితంతో నున్నగా చేస్తే అతుకు బలం తగ్గుతుంది. స్ప్రింగ్ గన్‌లో ఏళ్ల తరబడి కారిన నూనె చెక్క పీల్చుకుని ఉంటుంది. నూనె మీద ఎపాక్సీ అతకదు. అసిటోన్‌తో గుడ్డకు మరక అంటనంతవరకు తుడవాలి. తెలిసిన వడ్ల మేస్త్రీతో టేకు స్టాక్ చేయించుకున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే టేకులో పుట్టుకతోనే నూనె ఉంటుంది. తుడిచిన కాసేపటికే ఎపాక్సీ వేసేయాలి, ఆలస్యమైతే నూనె మళ్లీ పైకి వస్తుంది. (నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్కతో స్టాక్ చేయించుకుందామని కొందరికి ఆశ. బొమ్మకు ఆ మెత్తదనమే వరం. స్క్రూ ఒత్తిడి మోయడానికి మాత్రం అది పనికిరాదు.)

ఈ పనిలో అందరికీ టెన్షన్ పెట్టేది ఒక్కటే: ఎపాక్సీలో యాక్షన్ శాశ్వతంగా ఇరుక్కుపోతుందేమోనని. ఇరుక్కోవడానికి కారణం చాలాసార్లు అంటుకోవడం కాదు, కొక్కెంలా పట్టేయడం. ఇనుములో ఉన్న ప్రతి రంధ్రంలోకి, పిన్ను పక్కన ఉన్న ప్రతి సందులోకి ఎపాక్సీ పారి గట్టిపడితే అది మేకులా పట్టేస్తుంది. ఎంత మైనం పూసినా అప్పుడు ప్రయోజనం లేదు. కాబట్టి పిల్లలు ఆడుకునే క్లేతో ప్రతి రంధ్రాన్నీ, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఖాళీనీ, కాకింగ్ లింక్ (స్ప్రింగ్ ఎక్కించే కడ్డీ) కదిలే గాడినీ నింపి, పైన బ్లేడుతో సమంగా చెక్కేయండి. ఆ తర్వాత కారు వ్యాక్సో, రంగులేని బూటు పాలిషో ఇనుము మీద రెండు మూడు పూతలు వేసి, ప్రతిసారీ ఆరనిచ్చి గుడ్డతో రుద్దండి. స్క్రూల మరలకు కూడా. మరలను మరిచిపోయేవాళ్లే ఎక్కువ. బయట కనిపించే చెక్క అంచులకు మాస్కింగ్ టేపు వేస్తే తర్వాత గీకే పని ఉండదు.

ఎపాక్సీని రెండు ట్యూబుల నుంచి సమానంగా తీసి, బుడగలు రాకుండా నెమ్మదిగా కలపండి. చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి, గట్టిపరిచే ద్రావణం కొందరికి చర్మం మీద అలర్జీ తెప్పిస్తుంది. తవ్విన చోట కాస్త ఎక్కువే వేసి, యాక్షన్‌ను వెనక నుంచి ముందుకు నెమ్మదిగా దించండి. అదనంగా ఉన్నది అంచుల నుంచి బయటికి రావాలి. రాకపోతే లోపల ఖాళీ మిగిలిందన్నమాట. స్పిరిట్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో అంచులు తుడిచేయండి.

ఈ దశలో స్క్రూలు గట్టిగా బిగించడం పెద్ద తప్పు. అలా బిగిస్తే యాక్షన్ వంగుతుంది, ఆ వంపు మీదే ఎపాక్సీ గట్టిపడుతుంది. ఏ వంపును పోగొట్టడానికి ఇంత చేశామో దాన్నే అచ్చు పోసి శాశ్వతం చేసినట్టు అవుతుంది. స్క్రూలను చోటు చూపడానికి వేళ్లతో తిప్పినంత వరకే ఉంచండి. పాత సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి, చెక్కనూ ఇనుమునూ కలిపి చుట్టండి. రబ్బరు ఒత్తిడి అన్ని వైపులా సమానంగా, మెత్తగా ఉంటుంది. తర్వాత రైఫిల్‌ను సమతలంగా పెట్టి 24 గంటలు ముట్టకండి.

తీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించొద్దు. స్క్రూలు తీసి, చెక్కను చేత్తో పట్టి, రబ్బరు సుత్తితో సిలిండర్ కింద చిన్నచిన్న దెబ్బలు వేస్తే టక్కున వదులుతుంది. లోపల ఎపాక్సీ అద్దంలా మెరుస్తూ, సిలిండర్ మీది సన్న గీతలు కూడా అచ్చుపడి కనిపించాలి. ఆవగింజంత బుడగ గుంటలుంటే ఫర్వాలేదు. పెద్ద గుంటలుంటే అక్కడ గరుకు చేసి ఇంకోసారి నింపాలి. క్లే అంతా గీకి తీసేసి, ట్రిగ్గర్, కాకింగ్ లింక్ ఎక్కడా ఎపాక్సీకి రాసుకోకుండా కదులుతున్నాయో లేదో ఖాళీగా పెట్టి చూడండి. తర్వాత అదే వేలి పరీక్ష. ఇప్పుడు స్క్రూ వదిలినా బిగించినా వేలి కింద ఏమీ కదలకూడదు.

ప్లాస్టిక్ స్టాక్ ఉన్నవాళ్లు అడుగుతుంటారు. ఆ ప్లాస్టిక్ రకాల్లో చాలావాటికి ఎపాక్సీ అతకదు. రంధ్రాలు వేసి కొక్కెంలా పట్టించాలి, పైగా లోపలి భాగం డొల్ల. అంత శ్రమకు తగ్గ ఫలితం రాదు. స్క్రూ రంధ్రాలకు పిల్లర్ వేసి వదిలేయడం మేలు. పోటీ స్థాయి ఎయిర్ రైఫిళ్ల తయారీదారులు చాలావరకు అల్యూమినియం స్టాక్‌ల వైపు వెళ్లారు. తేమకు ఉబ్బని దాని మీద యాక్షన్ ఏడాది పొడవునా ఒకేలా కూర్చుంటుంది.

బెడ్డింగ్ అయ్యాక స్క్రూల బిగింపు తయారీదారు చెప్పినంతే ఉంచండి. టార్క్ స్క్రూడ్రైవర్ ఉంటే అంకె రాసిపెట్టుకోండి. లేకపోతే స్క్రూ తల మీదా చెక్క మీదా కలిపి సన్నని గీత పెట్టండి, జరిగిందో లేదో కంటితోనే తెలుస్తుంది. స్ప్రింగ్ గన్ అదురుకు స్క్రూలు తమంతట తామే వదులవుతాయి కాబట్టి మరలకు తక్కువ బలం ఉన్న థ్రెడ్ లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు. మొదటి యాభై షాట్ల దాకా స్కోప్ ముట్టకండి, గుంపు ఎక్కడ పడుతుందో చూస్తూ ఉండండి. గుంపు బిగుసుకుని ఒకేచోట పక్కకు పడుతుంటే స్కోప్ సర్దుకోండి. గుంపు ఇంకా చెదురుతూనే ఉంటే చెక్కలో చేయాల్సింది ఇక లేదు. పిస్టన్ సీలు, స్ప్రింగ్, బ్యారెల్ మడత దగ్గరి సీలు, ఈ మూడింటినీ పరికరాలున్న మెకానిక్‌తో చూపించుకోవాలి.